ముక్తి అర్థాన్ని మార్చిన రమాబాయి

పండిత రమాబాయి పేరు మన పాఠ్యపుస్తకాల్లో సంఘ సంస్కర్తల జాబితాలో ఒక పంక్తిగా మిగిలిపోయింది. ఆమె కాలపు సనాతన జాతీయవాదులు ఆమెను స్వధర్మాన్ని విడిచిపోయిన బ్రాహ్మణ వితంతువుగా చూశారు. మిషనరీ సాహిత్యం ఆమెను తాను సాధించిన గొప్ప విజయంగా చూపించుకుంది. కుల నిర్మూలన గురించి మాట్లాడేవారిలో చాలామంది ఆమెను అగ్రవర్ణ స్త్రీల కష్టాలకే పరిమితమైన సంస్కర్తగా పక్కన పెట్టారు. ఈ మూడు చూపుల్లోనూ కొంత నిజం ఉండవచ్చు గానీ, దుఃఖం నుంచి లేచి నిలబడిన ఒక మనిషి తన విశ్వాసాన్ని ఎలా ఎంచుకుంది, ఆ విశ్వాసంతో ఏం చేసింది అన్న ప్రశ్నకు వీటిలో జవాబు లేదు. నేను ఆమె జీవితాన్ని ఒకే ఒక్క మాట వెంట చదువుతాను. ఆ మాట ముక్తి. శాస్త్రాలు స్త్రీలకూ శూద్రులకూ నిరాకరించిన ఆ మాటనే ఆమె చివరికి తన ఆశ్రమానికి పేరుగా పెట్టుకుంది. ఆ రెంటి మధ్య దూరమే ఆమె జీవితకథ.

1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో రమాబాయి పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణ పండితుడు. భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పినందుకు ఆయన ఉడుపిలో పండితుల ఎదుట సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. స్త్రీలు చదువుకోవచ్చని శాస్త్రాల నుంచే ప్రమాణాలు చూపి ఆయన వారిని ఒప్పించాడు. అయితే ఆ వాదానికి ఒక హద్దు ఉంది. కావ్యాలూ పురాణాలూ చదవవచ్చు, వేదం మాత్రం కూడదు. ఆ హద్దును ఆ ఉదార పండితుడు కూడా దాటలేదు. తల్లి ఒడిలో రమాబాయి వేల శ్లోకాలు కంఠస్థం చేసింది. ఇంటికి వచ్చిన విద్యార్థులకూ అతిథులకూ అన్నం పెట్టీ పెట్టీ ఆస్తి కరిగిపోయాక ఆ కుటుంబం తీర్థయాత్రకు బయలుదేరింది. ఊరూరా గుడుల్లో పురాణం చదవడం, శ్రోతలు ఇచ్చిన దక్షిణతో బతకడం, మిగిలినదాన్ని పుణ్యం కోసం బ్రాహ్మణులకు దానం చేయడం. సుమారు పదహారేళ్లు ఇలాగే గడిచాయి.

1874 నాటి కరువులో ఆ జీవనం కుప్పకూలింది. పురాణం వినడానికి ఎవరూ రాలేదు. మిగిలిన కాస్త సొమ్మూ జపాలకూ దానాలకూ ఖర్చయింది. అప్పుడు ఆ కుటుంబం ఎందుకు కూలి పనికి వెళ్లలేదన్న ప్రశ్నకు రమాబాయి తరవాతి రోజుల్లో ఏ దాపరికమూ లేకుండా జవాబు రాసింది. పండిత కుటుంబానికి ఒంటిచాకిరీ చేతకాదు, చేయడానికి కులగర్వం ఒప్పుకోదు, అడుక్కోవడానికీ అదే అడ్డు. కులం ఇతరుల అన్నం లాక్కోవడమే మనం ఎక్కువగా చూస్తాం. అది తన పైమెట్టు మీద కూర్చున్నవారి చేతులను కూడా ఎలా చచ్చుబడేలా చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. ఆ గర్వం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ కరువు ఒకటే అని నేను అనడం లేదు. ఎవరి కులం వారి చావును ఎలా మలుస్తుందో అన్నదే ఇక్కడ చూడవలసింది.

ఆ చావు తెలుగు నేల మీదకే వచ్చింది. తిండి గింజ మిగలని స్థితిలో ఆ కుటుంబం తిరుపతి పరిసరాల అడవిలోకి ప్రాణాలు విడవాలనే వెళ్లింది. పదకొండు రోజులు నీళ్లతో, ఆకులతో, దొరికిన అడవి కాయలతో గడిపారు. చూపు సన్నగిల్లిన వృద్ధ తండ్రి ఆ తరవాత కొద్ది రోజులకే ప్రాణం విడిచాడు. ఆ తరవాత నిజాం రాజ్యంలోని రాయచూరులో తల్లి పోయింది. పాడె మోయడానికి చాలినంతమంది రాలేదు. ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి ముందుకొస్తే, అన్నతోపాటు రమాబాయి నాలుగో కొమ్ము పట్టింది. పొట్టి మనిషి కావడంతో భుజానికి అందక, తల్లి శవభారాన్ని నెత్తిన మోసుకుని మైళ్ల దూరం నడిచింది. త్వరలోనే అక్క కూడా కన్నుమూసింది. తల్లిదండ్రులు జీవితమంతా నమ్మిన దేవతలు, చేసిన దానాలు, మునిగిన తీర్థాలు ఆ కొద్ది నెలల్లో వారిని కాపాడలేదు. అన్న శ్రీనివాసశాస్త్రి, రమాబాయి దేశం నాలుగు చెరగులా వేల మైళ్లు కాలినడకన తిరిగారు. పంజాబులో ఝీలం ఒడ్డున చలికి ఆగలేక ఇసుకలో గుంటలు తవ్వుకుని, ఒళ్లంతా ఇసుక కప్పుకుని పడుకున్న రాత్రులున్నాయి.

1878లో అన్నాచెల్లెళ్లు కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ల యువతి సంస్కృతంలో ధారాళంగా మాట్లాడటం చూసి అక్కడి పండితులు ఆమెకు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. ఒక క్రైస్తవ ప్రార్థనకు ఎవరో పిలిస్తే వెళ్లి, మోకరించిన వాళ్లను చూసి వీళ్లు ఎదురుగా ఉన్న కుర్చీలకు మొక్కుతున్నారనుకుందట. ఆ రోజుల్లో ఆమెకు క్రైస్తవం అంతే దూరం. బిరుదులిచ్చిన పండిత లోకం ఆమెను స్త్రీలకు శాస్త్రోక్త ధర్మాల మీద ఉపన్యసించమంది. అందుకోసం ఆమె ధర్మశాస్త్రాలు చదవసాగింది. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ వేదం కూడా చదవమని ప్రోత్సహించాడు. తండ్రి గీసిన హద్దు అక్కడ చెరిగింది. హద్దు దాటి చూసిన ఆమెకు లోపల కనిపించింది మరొక గోడ.

గ్రంథాలు ఒకదానితో ఒకటి అన్ని విషయాల్లోనూ విభేదించుకుంటున్నా రెండు విషయాల్లో మాత్రం ఒక్కటై ఉన్నాయని ఆమె గమనించింది. స్త్రీ ఏ కులానిదైనా స్వభావతః నీచురాలన్నది మొదటిది. స్త్రీకీ శూద్రుడికీ స్వయంగా ముక్తి పొందే అర్హత లేదన్నది రెండోది. స్త్రీ భర్తను సేవించాలి, శూద్రుడు బ్రాహ్మణుడిని సేవించాలి, ఆ సేవ ఫలించి మరో జన్మలో పైకులపు పురుషుడిగా పుట్టాలి, అప్పుడు చూడవచ్చు. అంబేడ్కర్ కులానికీ స్త్రీ నిర్బంధానికీ ఉన్న ముడిని 1916లో సమాజశాస్త్ర భాషలో విప్పి చూపాడు. అంతకు ముందు తరంలో రమాబాయి ఆ ముడిని తన సొంత చదువులోనే తడిమి చూసింది. బ్రాహ్మణ కన్యగా పుట్టిన తనను ఆ గ్రంథాలు నిలబెట్టింది శూద్రుడి పక్కనే అని ఆమెకు అర్థమైంది.

1880లో అన్న కూడా మరణించాడు. అదే ఏడాది నవంబరు 13న ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని సివిల్ చట్టం ప్రకారం పెళ్లాడింది. ఆయన కాయస్థుడు, నాటి శాస్త్ర వ్యవహారంలో శూద్రుడు. బ్రాహ్మణ స్త్రీ శూద్ర పురుషుడిని పెళ్లాడటం ప్రతిలోమం. స్మృతులు అన్నింటికన్నా ఎక్కువగా దండించింది ఆ కలయికనే. ఇరువైపులా వెలి వేశారు. అస్సాంలోని సిల్చారులో కాపురం పెట్టారు. కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరా భర్తను తీసుకుపోయింది. ఇరవై నాలుగేళ్లు నిండకుండానే ఆమెకు తల్లిదండ్రులు, అక్క, అన్న, భర్త ఎవరూ లేరు. చంకన ఏడాది నిండని పాప ఉంది. నాటి సమాజం దగ్గర ఈ దుఃఖానికి సిద్ధమైన వ్యాఖ్యానం ఒకటి ఉంది. పూర్వజన్మ పాపం వల్లే ఆడది విధవ అవుతుంది. ప్రతిలోమ వివాహం చేసుకున్నది కనుక ఆ పాపం ఈ జన్మదే అనడానికి కూడా వెనుకాడలేదు.

సిల్చారులోని ఇంట్లో, పుస్తకాల మధ్య, ఆమెకు బెంగాలీ లూకా సువార్త దొరికింది. ఒక బాప్టిస్టు మిషనరీ వచ్చి కొంత వివరించాడు. మిషన్ బడిలో చదివినా భర్తకు ఆమె క్రైస్తవురాలు కావడం ఇష్టం లేదు. విషయం అంతటితో ఆగింది. భర్త పోయాక ఆమె పుణే చేరి ఆర్య మహిళా సమాజం స్థాపించింది. స్త్రీ ధర్మ నీతి అనే పుస్తకం రాసింది. 1882లో హంటర్ విద్యా కమిషన్ ముందు నిలబడి, మన స్త్రీలకు స్త్రీ ఉపాధ్యాయులూ స్త్రీ వైద్యులూ కావాలని కోరింది. మరుసటి ఏడాది వైద్యం చదవాలని ఇంగ్లండు వెళ్లింది. చెవుడు ముదరడంతో వైద్యవిద్య కలగానే మిగిలింది.

ఇంగ్లండులో ఆమె మనసు మార్చిన సంఘటన ఏ గొప్ప చర్చిలోనూ జరగలేదు. తనకు ఆశ్రయమిచ్చిన వాంటేజ్ సన్యాసినులు లండన్ దగ్గర ఫుల్హమ్‌లో ఒక శరణాలయం నడిపేవారు. సమాజం పతితలని ముద్రవేసి వదిలేసిన స్త్రీలు అక్కడ ఉండేవారు. ఆ స్త్రీలను అసహ్యించుకోకుండా, తోటి మనుషులుగా చూసి సేవచేసేవారిని రమాబాయి అక్కడే మొదటిసారి చూసింది. ఎందుకు చేస్తున్నారని అడిగితే వారు యోహాను సువార్తలోని సమరయ స్త్రీ కథ చదివి వినిపించారు. ఆ కథ మన పాఠకులు ఒకసారి గుర్తు చేసుకోవాలి. యూదులు సమరయుల గిన్నె ముట్టరు. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా బావికి వచ్చిన, పరువు పోయిన ఒక సమరయ స్త్రీని దాహమని నీళ్లడిగాడు యేసు. ఊరి బావి దగ్గర ఎడంగా నిలబడిన తరాల జ్ఞాపకం ఉన్నవారికి ఈ కథకు వ్యాఖ్యానం అవసరం లేదు. స్త్రీకి ముక్తి లేదన్న గ్రంథాల నుంచి వచ్చిన రమాబాయికి అక్కడ మరో మాట వినిపించింది. అర్హత అడగని దేవుడు ఉండవచ్చునని ఆమె అనుకుంది. తనలాగే చిత్పావన బ్రాహ్మణ్యం నుంచి క్రైస్తవంలోకి వెళ్లిన నెహెమ్యా గోరే రాతలు కూడా ఆమెను ఒప్పించాయి. 1883 సెప్టెంబరు 29న కూతురితోపాటు బాప్తిస్మం తీసుకుంది.

పుణే భగ్గుమంది. మతమార్పిడిని ప్రలోభానికీ తెలివితక్కువతనానికీ ముడిపెట్టే వాదన కొత్తది కాదు. అయితే ఈమె శాస్త్రాలు చదివి మరీ వదిలిన పండిత. తిండి లేక చచ్చిపోబోతున్నప్పుడు కాదు ఆమె మతం మారింది, ఆకలి తీరిన కొన్నేళ్లకు. ఆమె పక్షాన బహిరంగంగా కలం పట్టిన కొద్దిమందిలో జోతిరావు ఫూలే ముఖ్యుడు. 1885లో వెలువరించిన సత్సార్ సంచికలో ఆయన ఆమె నిర్ణయాన్ని సమర్థించాడు. శూద్రాతిశూద్రుల నాయకుడు ఒక బ్రాహ్మణ స్త్రీ మతాంతరాన్ని సమర్థించడం వెనుక తర్కం ఉంది. చదువుకున్న స్త్రీ ఆ గ్రంథాల అసలు రంగు చూశాక అందులో ఉండలేదన్నదే ఆ తర్కం.

ఆంగ్లికన్ చర్చి కూడా ఆమెకు వెంటనే ఇల్లు కాలేదు. ఆమె శాకాహారం మానలేదు. సిలువ మీద లాటిన్ రాత ఎందుకు, సంస్కృతం ఎందుకు ఉండకూడదని వాదించింది. మగ విద్యార్థులకు ఆమె సంస్కృతం బోధించకూడదని మతాధికారులు అడ్డుపడితే, ఇండియాలో వదిలి వచ్చిన కట్టుబాటునే ఇక్కడా చూసి ప్రతిఘటించింది. సిద్ధాంతాలు ఒక్కొక్కటీ తన బుద్ధికి ఒప్పితేనే తీసుకుంటానంది. సిస్టర్ జెరాల్డిన్‌తో ఆమె సాగించిన ఉత్తరాల యుద్ధం చదివితే, ఆమె తెల్లవారి మతానికి లొంగిపోయిందన్న ఆరోపణ నిలవదు. బ్రాహ్మణ పురుషుడికి వంచని తలను బిషప్పుకూ వంచలేదు. మనశ్శాంతి మాత్రం బాప్తిస్మంతో రాలేదు. తాను క్రైస్తవ మతాన్ని కనుగొన్నాను గానీ క్రీస్తును కనుగొనలేదని ఆమె తరవాత రాసుకుంది. ఆ వెలితి తీరింది 1891 ప్రాంతంలో. తన దుఃఖం ఏ జన్మ పాపానికీ శిక్ష కాదన్న నమ్మకం ఆమెలో స్థిరపడింది. కర్మ సిద్ధాంతం బాధితురాలి మీదే నేరం మోపుతుంది. ఆ నేరారోపణ కొట్టేసిన తీర్పుగా ఆమె విశ్వాసాన్ని నేను అర్థం చేసుకుంటాను.

అమెరికాలో 1887లో ది హై కాస్ట్ హిందూ ఉమన్ ప్రచురించి, సహాయనిధి కూడగట్టి వచ్చి, 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ ప్రారంభించింది. మరుసటి ఏడాది అది పుణేకు మారింది. ఇక్కడే ఆమె పరిమితి కూడా చెప్పుకోవాలి. పుస్తకం పేరులోనే ఉన్నట్టు ఆమె చూపు అప్పటికి అగ్రవర్ణ వితంతువు మీదే ఉంది. సదన్‌లో కులాచారాలు పాటించే వీలు కల్పించింది. రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సలహా మండలిలో ఉండటానికి అదొక షరతు లాంటిది. మన కందుకూరి 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. ఆయన వితంతువుకు మళ్లీ భర్తను వెతికితే, రమాబాయి ఆమెకు చదువూ వృత్తీ ఇచ్చి ఎవరి మీదా ఆధారపడని బతుకు చూపింది. అది పెద్ద అడుగే. కానీ కులం గడప దాటని అడుగు. కొందరు బాలికలు ఆమె ప్రార్థన గదిలోకి వస్తున్నారని తెలిసి 1893లో గొడవ చెలరేగింది. తిలక్ కేసరి పత్రిక దాడి చేసింది. సంస్కర్తలు రాజీనామా చేశారు. తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోయారు.

ఆమె గడప దాటింది కరువులో. 1896-97లో మధ్య పరగణాల్లో కరువు వచ్చిందని తెలిసి స్వయంగా వెళ్లింది. సహాయ శిబిరాల్లో అనాథ బాలికలు ఆకలితోపాటు కావలివాళ్ల అత్యాచారాలకు కూడా గురవుతున్న స్థితి చూసింది. తిరుపతి అడవిలో తానున్న స్థితి ఆమెకు జ్ఞాపకం వచ్చిందని ఆమె రాతలు చెబుతాయి. కరువు ఎంచుకున్న పిల్లల్లో బ్రాహ్మణ వితంతువులు ఎందరుంటారు? ఆమె తీసుకొచ్చిన వందలమంది రకరకాల కులాల వారు, ఎక్కువమంది పేద రైతుకూలీ కుటుంబాల వారు. ప్లేగు నిబంధనల వల్ల వారిని పుణే నగరంలో ఉంచనివ్వలేదు. నగరానికి సుమారు 34 మైళ్ల దూరంలో కేడ్గావ్ దగ్గర ఆమె కొన్న పొలంలో గుడిసెలు వేశారు. ప్లేగు ఆసుపత్రిలో తన పిల్లకు జరిగిన అన్యాయం మీద ఆమె బ్రిటిష్ ప్రభుత్వాన్ని పత్రికలో నిలదీసింది కూడా. 1898లో ఆ పొలంలోని ఆశ్రమం ముక్తి సదన్ అయింది. 1900 నాటి గుజరాత్ కరువు తరవాత అక్కడి స్త్రీలూ పిల్లలూ దాదాపు 2000కు చేరారు.

ముక్తి సదన్ ఏం చేసిందో చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టిందో తెలుస్తుంది. బావులు తవ్వించింది. పొలం, పాడి, మగ్గాలు, నూనె గానుగ, కుట్టుపని, అచ్చు యంత్రం అన్నీ ఆడవాళ్ల చేతుల్లో పెట్టింది. అంధులకు చదువు చెప్పించింది. లైంగిక దోపిడీకి గురైన స్త్రీలకు కృపా సదన్ కట్టింది. కులం చూడని బాన కింద వండిన అన్నం అందరూ కలిసి తిన్నారు. ఒంటిచాకిరీ చేయలేక ఆకలితో చచ్చిన పండితుడి కూతురు, చేతిపనిని ప్రార్థనతో సమానంగా నిలబెట్టింది. పరలోకంలో ఎప్పుడో దొరికే మోక్షం అన్న అర్థంలో వాడే మాటను ఆమె అన్నం, పని, చదువు, భయం లేని నిద్ర అన్న అర్థంలోకి దింపింది. చివరి ఏళ్లలో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి అనువదించింది. సంస్కృత పదాడంబరం వదిలి, చదువు అంతగా లేని పల్లె స్త్రీకి అర్థమయ్యే మరాఠీ ఎంచుకుంది. సరస్వతి బిరుదు పొందిన సంస్కృత పండిత తన చివరి శ్రమను ఆ భాషకు ఇవ్వలేదు. ఆ అక్షరాలు కూర్చినవారు, అచ్చువేసినవారు ఒకనాటి కరువు పిల్లలు. 1921లో తన కుడిభుజమైన మనోరమ చనిపోయింది. అనువాదం తుది దిద్దుబాట్లు ముగిసిన కొద్దికాలానికే, 1922 ఏప్రిల్ 5న, రమాబాయి కన్నుమూసింది.

ఆమెను విమర్శించకుండా వదలాలని నేను అనను. అనాథలుగా వచ్చిన పిల్లలు క్రైస్తవ వాతావరణంలోనే పెరిగారు, వారికి ఎంపిక ఎంత ఉందన్నది న్యాయమైన ప్రశ్న. అంటరానితనాన్ని ఒక వ్యవస్థగా ఎదుర్కొనే ఉద్యమం ఆమె నడపలేదు. ఫూలేకూ ఆమెకూ ఉన్న తేడా అది. అయినా మతాంతరాన్ని బియ్యపు మూటల లెక్కగా కొట్టిపారేసేవారికి ఆమె జీవితం జవాబు చెబుతుంది. ఆ జవాబు ఆమె ఒక్కదానిదే కాదు. ఆమె కుటుంబం అడవిలో ఆకులు తిన్న కొన్నేళ్లకే, 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతపు మాదిగలు బకింగ్‌హామ్ కాలువ తవ్వి బతికారు. అక్కడి మిషనరీ జాన్ క్లౌ కరువు పనులు జరిగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. శాస్త్రం చదివిన బ్రాహ్మణ స్త్రీ, శాస్త్రం వినడానికి కూడా వీల్లేని మాదిగ, ఇద్దరూ ఆ తలుపు దగ్గరకు వేరువేరు దారుల్లో వచ్చారు. ఇద్దరికీ అక్కడ దొరికింది మనిషినన్న గుర్తింపు.

ఆ గుర్తింపును నిలబెట్టుకోవడం వేరే పోరాటం. తెలుగు నేల మీద చర్చిలోకి కులం వెనుక గుమ్మంలో నుంచి వచ్చి కూర్చుంది. మాల చర్చి, మాదిగ చర్చి, అగ్రకులాల నుంచి వచ్చినవారి పెత్తనం, పెళ్లి సంబంధాల దగ్గర తేలే అసలు నిజం మనకు తెలియనివి కావు. మరోవైపు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా నిరాకరిస్తూనే ఉంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తెరిచిన తలుపు వీరికి తెరవలేదు. మతం మారితే కులం పోతుందని రాజ్యం అంటుంది, మా దగ్గర కులం లేదని చర్చి అంటుంది. వాడలో బతికేవారికి రెండూ అబద్ధాలే.

ఈ రెండు అబద్ధాల మధ్య నిలబడిన విద్యార్థులు రమాబాయిని చదవాలని నేను కోరుకుంటాను. ఆమెను ఆరాధించాల్సిన పని లేదు. ఆమె తన మతాన్ని కొలిచిన కొలబద్దను తీసుకుంటే చాలు. స్త్రీకీ శూద్రుడికీ ఏమిస్తావని ఆమె శాస్త్రాలను అడిగింది. అదే ప్రశ్నను బిషప్పులను అడిగింది, సంస్కర్తలను అడిగింది, ప్రభుత్వాన్ని అడిగింది. చివరికి కరువు పిల్లల ముందు తన సొంత శారదా సదన్‌కు కూడా ఆ ప్రశ్న వేసుకుని దాని గడప మార్చింది. విశ్వాసం దుఃఖితులను తిరిగి నిలబెడుతుందని చెప్పే ప్రతి ప్రార్థనామందిరమూ, విముక్తి గురించి మాట్లాడే ప్రతి పార్టీ కార్యాలయమూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిందే. తమ బావి దగ్గర ఇంకా ఎవరు ఎడంగా నిలబడి ఉన్నారో అవి ముందు చూసుకోవాలి.